జెండాను కాలిస్తే అవమానమా, అభిప్రాయమా?

ఇందుకూరుపేట,
నెల్లూరు జిల్లా.

చిరంజీవులైన తొమ్మిదో తరగతి పిల్లలకు,

మీ ఉత్తరం అందింది. క్లాసంతా రెండు జట్లుగా చీలి వాదించుకున్నారని, సోషల్ పీరియడ్ అయిపోయినా వాదన తెగలేదని రాశారు. అమెరికాలో సొంత దేశం జెండాను నడివీధిలో కాల్చినా కోర్టు వదిలేస్తుందట, మన దగ్గరైతే జైలట, ఇందులో ఏది న్యాయమని అడిగారు. రిటైరైన డ్రిల్లు మాస్టారిని ఇది అడగడం నాకు సంతోషమే. ఉద్యోగం చేసినంత కాలం ఆగస్టు 15కీ, జనవరి 26కీ జెండా కట్టే పని నాదే. ఆ గుడ్డను మడతపెట్టి, మధ్యలో బంతిపూల రెక్కలు పోసి, జారుముడి వేసి పైకి పంపిన చేతులివి. అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

ముందు నా మాట చెప్పేస్తాను. జెండాను కాల్చడం అవమానమే. అభిప్రాయం చెప్పడం కూడా. మీ రెండు జట్లూ ఈ రెంటిలో ఏదో ఒకటే నిజమై ఉండాలనుకున్నాయి. గాలివానకు జెండా చిరిగితే మనకెవరి మీదా కోపం రాదు. మనిషి చించితే వస్తుంది. ఎందుకంటే అతను ఏదో అంటున్నాడని మనకు తెలుస్తుంది. ఏమీ అనకపోతే అవమానమూ లేదు. కాబట్టి అది మాటా, చేష్టా అన్న తగాదా మీరు వదిలేయొచ్చు. మనం తేల్చుకోవాల్సింది ఒక్కటే: మనసును గాయపరిచే మాట అన్నవాణ్ణి ఏం చేయాలి?

అది తేల్చాలంటే ఈ జెండా ఎలా పుట్టిందో గుర్తు చేసుకోవాలి. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశం జరిగినప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారు. వెంకయ్యగారిది కృష్ణా జిల్లా అయినా కొన్నేళ్లు మన నెల్లూరులో ఉండి అభ్రకం మీద పరిశోధన చేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో గాంధీగారు మన పల్లిపాడుకు వచ్చి, పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. మీలో సగం మంది సైకిలేసుకుని వెళ్లిరాగలిగిన దూరమే అది. వెళ్లనివాళ్లు ఈసారి సెలవుల్లో తప్పకుండా వెళ్లండి.

ఆ రోజుల్లో ఈ జెండా పట్టుకోవడం గౌరవం కాదు, నేరం. 1923లో నాగపూరులో దొరలుండే సివిల్ లైన్స్ వైపు జెండాతో ఊరేగింపుగా వెళ్లకూడదని ప్రభుత్వం నిషేధించింది. అయినా జట్లు జట్లుగా జనం వెళ్లారు, జట్లు జట్లుగా జైళ్లకు పోయారు. దాన్నే జెండా సత్యాగ్రహం అంటారు. జమ్నాలాల్ బజాజ్‌ను అరెస్టు చేశాక వల్లభ్‌భాయ్ పటేల్ వచ్చి దాన్ని నడిపించారు. తమ రాజు జెండా ఎగిరే చోట ఇంకో జెండా ఎత్తడం బ్రిటిష్‌వాళ్ల కంటికి పెద్ద అవమానం. మనవాళ్లకు అది మాట్లాడటం. ఒకే పనిని ఇటువాళ్లు ఒకలా, అటువాళ్లు ఒకలా చూశారు.

ఒంగోలు వైపు చుట్టాలున్న పిల్లలు ఇంకో సంగతి వినే ఉంటారు. ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను వ్యతిరేకిస్తూ వీధిలోకి వచ్చి, తుపాకులు పట్టుకున్న పోలీసుల ముందు చొక్కా విప్పి నిలబడ్డారు. కమిషన్ ఎక్కడికి పోతే అక్కడ జనం నల్ల జెండాలు చూపించారు. ఆ నల్లగుడ్డ కూడా మాటే. అది చూసి దొరలకు మండిపోయింది. మనకు ఈరోజుకీ గర్వంగా ఉంటుంది.

ఇక అమెరికా సంగతి. మీరు విన్నది నిజమే, కానీ పూర్తిగా వినలేదు. 1984లో డల్లాస్ నగరంలో రిపబ్లికన్ పార్టీ మహాసభ జరుగుతుంటే బయట నిరసన ఊరేగింపు జరిగింది. అందులో గ్రెగరీ లీ జాన్సన్ అనే అతను సిటీ హాలు ముందు అమెరికా జెండా మీద కిరసనాయిలు పోసి తగలబెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు నినాదాలిచ్చారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. టెక్సస్ చట్టం కింద అతనికి ఏడాది జైలు, రెండు వేల డాలర్ల జరిమానా వేశారు. కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది. 1989లో అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి, ఆ శిక్ష చెల్లదన్నారు. ఒక భావం జనానికి నచ్చలేదన్న ఒక్క కారణంతో ప్రభుత్వం దాన్ని శిక్షించకూడదన్నది తీర్పు సారాంశం. అయిదుగురిలో ఒకరైన కెనెడీ, ఈ తీర్పు ఇవ్వడం తమకు బాధగానే ఉందని విడిగా రాశారు. అదే ఏడాది అక్కడి పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా కొత్త చట్టం చేస్తే, 1990లో కోర్టు దాన్నీ కొట్టేసింది.

ఆ తీర్పులో నన్ను కదిలించింది ఒక చిన్న వాక్యం. జెండా కాలిపోయి జనం చెదిరిపోయాక, అదంతా చూసిన ఒకతను మిగిలిన ముక్కలు ఏరుకుని తీసుకెళ్లి, తన ఇంటి పెరట్లో పాతిపెట్టాడట. ఆ రాత్రి అతను ఎవరినీ కొట్టలేదు, ఎవరి ఇంటిమీదికీ పోలేదు. జాన్సన్ కన్నా గట్టిగా మాట్లాడింది అతనేనని నాకనిపిస్తుంది. అవమానానికి ఎలా జవాబివ్వాలని ఎవరైనా అడిగితే నేను ఆ పెరడే చూపిస్తాను.

మన చట్టం వేరు. జాతీయ గౌరవ చిహ్నాలకు అవమానం జరక్కుండా 1971లో ఒక చట్టం చేశారు. నలుగురూ చూసే చోట జెండాను కాల్చినా, చించినా, తొక్కినా, మురికి చేసినా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ శిక్ష పడితే కొన్నేళ్లపాటు ఎన్నికల్లో నిలబడే అర్హత కూడా పోతుంది. అమెరికావాళ్ల రాజ్యాంగం భావ ప్రకటనకు అడ్డుపడే చట్టమే చేయొద్దంటుంది. మన రాజ్యాంగం 19వ అధికరణంలో స్వేచ్ఛనిస్తూనే, దేశ సమగ్రత, శాంతిభద్రతలు, మర్యాద లాంటి కారణాలతో సబబైన హద్దులు పెట్టొచ్చని పక్కనే రాసింది. 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్లో జెండాను, జాతీయగీతాన్ని గౌరవించడం మొదటి విధిలోనే ఉంది. రెండు దేశాలు, రెండు పద్ధతులు. మనది తక్కువనీ, వాళ్లది ఎక్కువనీ చిన్నబుచ్చుకోవాల్సింది లేదు.

అదే చట్టంలో, మీ పుస్తకాల్లో లేని మాట ఒకటుంది. జెండాను గానీ, రాజ్యాంగాన్ని గానీ, ప్రభుత్వం చేసే పనుల్ని గానీ చట్టబద్ధంగా మార్పించాలని విమర్శిస్తే అది నేరం కాదని వివరణ ఇచ్చారు. 'ఈ జెండా నాకు నచ్చలేదు, మార్చండి' అని మైకు పట్టుకుని చెప్పొచ్చన్నమాట. నోటితో జెండాను అవమానించినా ఈ చట్టం కింద నేరమే, మార్పు కోరే విమర్శ మాత్రం నేరం కాదు. ఈ తేడా చాలామంది పెద్దవాళ్లకే తెలీదు. ఎవరైనా జెండా గురించి నాలుగు మాటలు విమర్శగా అంటే చాలు, కేసు పెట్టాలని కేకలేస్తారు.

2004లో మన సుప్రీం కోర్టు ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. నవీన్ జిందాల్ అనే ఆయన రాయగఢ్‌లో తన ఫ్యాక్టరీ మీద జెండా ఎగరేస్తే అధికారులు వద్దన్నారు. అప్పట్లో మామూలు మనిషి ఏ రోజు పడితే ఆ రోజు జెండా ఎగరేయడానికి వీల్లేదు. ఆయన కోర్టుకెళ్లి గెలిచారు. గౌరవంగా జెండా ఎగరేయడం పౌరుడి భావ ప్రకటనే, అది ప్రాథమిక హక్కే అని కోర్టు తేల్చింది. మీ ఇళ్ల మీద ఈరోజు ధైర్యంగా జెండా ఎగరేస్తున్నారంటే ఆ కేసు చలవే. ఎగరేయడం మాట్లాడటమే అయినప్పుడు, కాల్చడం కూడా మాట్లాడటమే అవుతుంది కదా అని మీలో ఎవరో అడిగారు. అవును, మాటే. చెడ్డమాట. దానికి హద్దు పెట్టే అధికారం పార్లమెంటుకు ఉందని మన పద్ధతి.

మనసులో ఉద్దేశం ఏమిటన్నది ఇక్కడ చాలా పెద్ద విషయం. పక్క మండలంలో ఒక బడిలో జరిగింది చెప్తాను, నేను అతిథిగా వెళ్లి అక్కడే ఉన్నాను. తాడు లాగగానే పూలు రాలాయి, జెండా విచ్చుకుంది, ఆకుపచ్చ పైకి వచ్చింది. కట్టింది అటెండరు. చీకటితోనే వచ్చి, టెన్షన్లో తాడు కొసలు తారుమారు చేశాడు. గేటు దగ్గర నిలబడ్డ నలుగురు కుర్రాళ్లు సెల్‌ఫోన్లు తీసి వీడియో పట్టడం మొదలెట్టారు. కేసు పెట్టాలన్నాడొకడు, సస్పెండు చేయించాలన్నాడింకొకడు. ఆ అటెండరు చేతులు వణుకుతుంటే ముడి విప్పలేకపోయాడు. నేనే వెళ్లి జెండా దించి, కాషాయం పైకి వచ్చేలా కట్టి ఇచ్చాను. మళ్లీ ఎగరేశారు, మళ్లీ జనగణమన పాడారు. చట్టం కూడా కాషాయాన్ని కావాలని కిందికి పెడితేనే నేరమంటుంది. ఆ వీడియో తీసిన కుర్రాళ్లలో ఒక్కడూ సాయానికి లోపలికి రాలేదు. జెండా మీద ప్రేమ ఉన్నవాడి కాళ్లు గేటు దగ్గర ఆగవు.

కోయంబత్తూరు కేకు కేసు కూడా ఇలాంటిదే. 2013 క్రిస్మస్‌కు అక్కడ మూడు రంగుల పెద్ద కేకు చేసి, మధ్యలో అశోకచక్రం గీసి, అందరూ కోసుకుని తిన్నారు. ఒకాయన ఫిర్యాదు చేశాడు. 2021లో మద్రాసు హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆ కేకు తిని బయటికి వచ్చినవాళ్లు దేశాన్ని అవమానించామనుకున్నారా, పండగ చేసుకున్నామనుకున్నారా అన్నదే జడ్జిగారు చూసిన సంగతి.

మీరు అడగకపోయినా, కేరళ పిల్లల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం నాకు తృప్తిగా ఉండదు. ముగ్గురు తోబుట్టువులు, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్లు. బళ్లో జాతీయగీతం వచ్చినప్పుడు అందరితో పాటు మర్యాదగా లేచి నిలబడేవాళ్లు. పాడేవాళ్లు కాదు, తమ మతం ఒప్పుకోదని. 1985లో వాళ్లను బడి నుంచి తీసేశారు. వాళ్లలో ఇద్దరు మీ వయసు పిల్లలే. 1986లో సుప్రీం కోర్టు వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు. లేచి నిలబడితే గౌరవించినట్టే, పాడి తీరాలని ఏ చట్టంలోనూ లేదన్నారు. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం మూడూ నేర్పేది సహనమేనని, దాన్ని పలచన చేయొద్దని రాశారు. డ్రిల్లు మాస్టారుగా ఎన్నోసార్లు 'గట్టిగా పాడండ్రా' అని అరిచినవాణ్ణి నేను. ఆ తీర్పు తెలుగులో చదివాక, పాడని పిల్లవాడి మొహంలోకి చూసే నా చూపు మారింది.

ఇక మూడేళ్ల జైలు మంచిదేనా అన్నారు. చట్టం ఉన్నంతకాలం పాటించాల్సిందే, అందులో మీకూ నాకూ మినహాయింపు లేదు. కానీ తన డబ్బుతో కొన్న జెండాను, ఎవరికీ దెబ్బ తగలకుండా, కోపంతో కాల్చినవాడికి మూడేళ్లు ఎక్కువని నా అభిప్రాయం. జరిమానా చాలు. పొలం పోయినవాడో, కొడుకు పోయినవాడో ఆ పని చేశాడనుకోండి, అతను ఏం చెప్పాలనుకున్నాడో ముందు వినాలి. చేసిన పని తప్పేనని అతని మొహం మీదే చెప్పాలి. అతని గోడు వినకపోవడం మన తప్పు. ఊళ్లో జనం పోగై అలాంటివాణ్ణి కొట్టారంటే నేను జెండా పక్షాన నిలబడను, దెబ్బలు తిన్నవాడి పక్షాన నిలబడతాను. అమెరికావాళ్లలా పూర్తిగా వదిలేయాలా అంటే, అంత దూరం నా మనసు పోవడం లేదు. దించిన ప్రతిసారీ ఆ గుడ్డను నేల తాకకుండా భుజం మీద వేసుకున్నవాణ్ణి కదా.

చివరగా మీ లీడరమ్మాయి అడిగిన ప్రశ్న. బడి బీరువాలో చిరిగిపోయి, రంగు వెలిసిపోయిన జెండాలున్నాయి, ఏం చేయాలి అని. ఈ సంగతి మీరు విని ఆశ్చర్యపోతారు: కాల్చేయాలి. పనికిరాకుండా పోయిన జెండాను ఎవరూ చూడనిచోట, మొత్తంగా, మర్యాదగా, వీలైతే కాల్చి ముగించాలని మన జెండా నియమావళే చెబుతోంది. అదే గుడ్డ, అదే అగ్గిపుల్ల. నడివీధిలో కాలిస్తే జైలు, బడి వెనక తలవంచి కాలిస్తే గౌరవం. ముక్కలు చేయకండి, చెత్తబుట్టలో వేయకండి, గచ్చు తుడిచే గుడ్డ చేయకండి. ఆగస్టు 15 మర్నాడు గ్రౌండులో పడి ఉండే కాగితం జెండాలనూ ఏరి, ఇలాగే చేయాలి.

హెడ్మాస్టరుగారిని అడిగి ఒక రోజు పెట్టుకోండి. నేనూ వస్తాను. జారుముడి వేయడం నేర్చుకోవాలనుకునేవాళ్లు ఒక గజం తాడు తెచ్చుకోండి. మూడేళ్ల జైలు సరైనదే అనే జట్టువాళ్లు తమ కారణాలు కాగితం మీద రాసి తీసుకురండి, చెట్టుకింద కూర్చుని తేల్చుకుందాం.

ఆశీస్సులతో,
మీ డ్రిల్లు మాస్టారు