పొలుసు మీద వలయానికి ఏడాది లెక్క: చేప వయసుపై అపోహలు - వాస్తవాలు

జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, మూసీ, డిండి నీళ్లలో వలకు పడుతున్న చేపలు ఒక్కసారైనా గుడ్లు పెట్టే ఈడుకు వచ్చాయా, రాకముందే పోతున్నాయా? చేప వయసు తెలియకుండా దీనికి జవాబు చెప్పలేం. వయసును ఒక్క ఏడాది ఎక్కువ లెక్కగడితే వల కన్ను సైజు మీద తీసుకునే నిర్ణయమే తప్పుతుంది. అందుకే ఈ అపోహలను ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి.

అపోహ: పెద్ద చేప అంటే ముసలి చేప.

కాదు. పలచగా పిల్లలు వదిలి, మేత దండిగా ఉన్న చెరువులో బొచ్చె (కట్ల) ఏడాదిలో కిలో దాటుతుంది. కిక్కిరిసిన కుంటలో అదే ఈడు బొచ్చె పావుకిలో దగ్గరే ఆగిపోతుంది. బరువు చూసి వయసు చెప్పడం ఊహే.

అపోహ: చెట్టు మానులో లాగే పొలుసు మీద ఎన్ని గీతలుంటే అన్నేళ్లు.

పొలుసు మీద కనిపించే సన్నటి గీతలు పదుల్లో, వందల్లో ఉంటాయి. అవి ఏళ్లు కావు, పొలుసు పెరిగేకొద్దీ అంచున ఏర్పడే గట్లు. ఏడాది గుర్తు కోసం, అంటే వలయం కోసం, రెండు లక్షణాలు వెతకాలి. ఒకటి, చర్మంలో దిగి ఉండే ముందు భాగంలో గట్లు ఒకదానికొకటి దగ్గరగా ముడుచుకుని ఉండాలి. రెండు, పక్క భాగాల్లో కొత్త గట్టు మధ్యలో ఆగిపోయిన పాత గట్ల కొసలను కోసుకుంటూ సాగాలి. ఈ కోత రెండు పక్కలా ఉండాలి, అదే చేప నుంచి తీసిన మిగతా పొలుసుల్లోనూ అదే చోట కనిపించాలి. ఒక్క పొలుసులోనో, ఒక్క పక్కనో ఉంటే అది దొంగ వలయం.

అపోహ: వలయం చలికే పడుతుంది. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి ఈ పద్ధతి పనికిరాదు.

పద్ధతి చలి దేశాల్లో పుట్టిన మాట నిజం. జర్మనీలో 1898లో హాఫ్‌బౌయర్ కార్ప్ (మన బంగారుతీగ) పొలుసుల మీద దీన్ని చూపాడు. కానీ వలయం చెప్పేది చలి గురించి కాదు, ఎదుగుదల ఆగిన సంగతి. మన నీళ్లలో ఎదుగుదల ఆగడానికి కారణాలు వేరు. వానాకాలం ముందు తిన్నదంతా ఆడ చేపలో గుడ్లకు, మగ చేపలో పాలకు (వీర్యానికి) మళ్లుతుంది. డిసెంబరు, జనవరిలో నీళ్లు చల్లబడి మేత తగ్గుతుంది. ఎండాకాలంలో మట్టం పడిపోయి చేపలన్నీ మిగిలిన మడుగుల్లో ఇరుక్కుంటాయి. వీటిలో ఏది గుర్తు వేసిందో నీటి నీటికీ తేల్చుకోవాలి. గంగలో పట్టిన చేప మీద వచ్చిన ఫలితాన్ని తెచ్చి సాగర్ చేపకు అతికించకూడదు.

తేల్చుకునే దారి ఉంది. పన్నెండు నెలలూ నెలనెలా పొలుసులు తీసి, చివరి వలయం నుంచి అంచు దాకా దూరం కొలవాలి. ఆ దూరం ఏడాదిలో ఒక్కసారే సున్నా దగ్గరికి పడిపోతే ఏడాదికి ఒక్క వలయం. రెండుసార్లు పడితే రెండు. బంగారుతీగ మన దగ్గర ఏడాదిలో ఒకసారికి మించి గుడ్లు పెడుతుంది కాబట్టి దాని విషయంలో ఈ పరీక్ష చేయకుండా వయసు రాయొద్దు. జిలేబీ (తిలాపియా) మాటికిమాటికి గుడ్లు పెట్టే చేప, దాని పొలుసును నమ్మడం ఇంకా కష్టం.

మనకున్న మంచి వసతి ఎండిపోయే చెరువులు. బొచ్చె, రవ్వ (రోహు) నిలవనీటిలో వాటంతట అవి గుడ్లు పెట్టవు. పోయిన వేసవిలో నెర్రెలు విచ్చిన చెరువులో ఇప్పుడు దొరికే రవ్వ, వానలకు వదిలిన పిల్లే. వయసు ముందే తెలుసు, చదివింది సరిపోయిందో లేదో సరిచూసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: గొలుసుకట్టు చెరువైతే పై చెరువు అలుగు పారినప్పుడు పెద్ద చేపలు దిగి వస్తాయి. పైన చెరువు లేనిదాన్నే ఎంచుకోవాలి.

అపోహ: మొదటి వలయం అంటే మొదటి ఏడాదే.

ఎక్కువ తప్పులు ఇక్కడే. నర్సరీలో నెలల తరబడి ఇరుకుగా, అరకొర మేతతో ఆపి ఉంచిన పిల్లల పొలుసులో కేంద్రానికి దగ్గరగా గట్లు ముడుచుకుపోతాయి. జలాశయంలో వదలగానే గట్లు ఎడంగా పడతాయి. ఆ సరిహద్దు అచ్చం ఏడాది గుర్తులా ఉంటుంది. దాన్ని లెక్కలో వేస్తే వయసు ఒకటి పెరిగిపోతుంది. పిల్లలు ఏ సైజులో, ఏ నెలలో వదిలారో మత్స్య సహకార సంఘం రిజిస్టర్‌లో చూసి, ఆ వలయం నాటికి చేప పొడవు ఎంతుండేదో కింద చెప్పిన లెక్కతో పోల్చాలి.

అపోహ: ఏ పొలుసు పీకినా ఒకటే.

ఎడమ పక్క, వీపు రెక్క కింద, పక్కగీతకు (ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే గీత) రెండు మూడు వరుసల పైన తీయాలి. పక్కగీత మీది పొలుసుకు గొట్టం ఉంటుంది, అది వద్దు. ముందు జిగట తుడిచి, చిమటాతో 8-10 పొలుసులు తీయాలి. వలలో రాలిపోయి మళ్లీ మొలిచిన పొలుసుకు నడిమధ్య గట్లు ఉండవు, గరుకుగా ఖాళీగా ఉంటుంది. దానిలో పాత ఏళ్లు లేవు, పక్కన పడేయాలి.

దాచేది కాగితం కవర్‌లోనే. పాలిథిన్‌లో చెమ్మ నిలిచి బూజు పడుతుంది. కవర్ మీద తేదీ, చోటు, పొడవు, బరువు, ఆడో మగో రాయాలి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి వేళ్ల మధ్య రుద్దితే చాలావరకు శుభ్రపడుతుంది. మురికి వదలకపోతే 1 శాతం కాస్టిక్ పొటాష్‌లో కొద్ది నిమిషాలే ఉంచి బాగా కడగాలి. ఎక్కువసేపు ఉంచితే అంచు కరిగి, చివరి ఏడాదే పోతుంది. తడిగానే రెండు గాజు స్లైడ్ల మధ్య పెట్టి దారంతో బిగిస్తే ఆరేటప్పుడు ముడుచుకోదు.

అపోహ: పొలుసు లేని జెల్ల, వాలుగకు వయసు చెప్పలేం.

చెప్పొచ్చు. జెల్లకు రొమ్ము రెక్క ముల్లును మొదలు దగ్గర అడ్డంగా సన్నటి బిళ్లగా కోసి, నునుపు చేసి చూడాలి. పెద్ద చేపలో ముల్లు నడిమి తొర్ర వెడల్పై మొదటి వలయాన్ని మింగేస్తుంది. వాలుగకు వెన్నుపూసలు ఉడికించి, శుభ్రం చేసి చదవాలి.

చెవిరాళ్లు, అంటే ఓటోలిత్‌లు, తలలో మూడు జతలు. కొర్రమట్టలో పెద్దది సాజిట్టా. బొచ్చె, రవ్వ, బంగారుతీగ లాంటి కార్ప్ జాతుల్లో అదే రాయి సూదిలా సన్నగా ఉండి విరిగిపోతుంది, వాటిలో పెద్దది ఆస్టెరిస్కస్. తలను ఫార్మలిన్‌లో దాచితే ఆమ్లానికి రాయి కరుగుతుంది. ముందే తీసి, కడిగి, ఆరబెట్టి దాచాలి.

అపోహ: పొలుసు వయసు ఎప్పుడూ ఖాయం.

ముసలి చేపలో పొలుసు ఎదుగుదల దాదాపు ఆగి, చివరి వలయాలు అంచున కలిసిపోతాయి. అమెరికాలో బిగ్‌మౌత్ బఫెలో అనే మంచినీటి చేప పాతికేళ్లు బతుకుతుందని అనుకునేవారు. 2019లో చెవిరాయి కోసి, అణుబాంబు పరీక్షల వల్ల నీటిలోకి చేరి రాయిలో నిలిచిన కార్బన్‌తో సరిచూస్తే ఒక చేపకు 112 ఏళ్లు తేలాయి. జపాన్‌లో హనాకో అనే కోయి చేపకు 226 ఏళ్లన్న ప్రచారం మాత్రం పొలుసు వలయాల లెక్క మీదే నిలబడింది.

వెనక్కి లెక్క, అంటే వలయం పడ్డనాటికి చేప పొడవు ఎంతో తేల్చడం: చేప 60 సెం.మీ., పొలుసు కేంద్రం నుంచి అంచుకు 12 మి.మీ., మొదటి వలయం 6 మి.మీ. దగ్గర ఉందనుకుందాం. సగం కదా అని 30 సెం.మీ. అనడం తప్పు. చేప పుట్టగానే పొలుసు ఉండదు, కొంత పెరిగాకే వస్తుంది. అందుకే చాలా చేపల పొడవునూ పొలుసు కొలతనూ గ్రాఫ్‌లో వేసి దిద్దుబాటు అంకె తెచ్చుకోవాలి. అది 4 సెం.మీ. వచ్చిందనుకుంటే 4 + (60 - 4) × 6/12 = 32 సెం.మీ. ఈ అంకె జాతికీ, నీటికీ మారుతుంది, మరోచోటిది ఎత్తి వాడకూడదు.

చదివేవాళ్లు ఇద్దరుండాలి. పొడవు రాసిన వైపు కనిపించకుండా కవర్ తిప్పి, ఎవరికి వారు విడిగా లెక్కపెట్టాలి. ఇద్దరి లెక్కలు తేడా వస్తే కలిసి మళ్లీ చూడాలి, అప్పటికీ కుదరకపోతే ఆ చేపను లెక్కలోంచి తీసేయాలి.