నీటిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు చేప రక్తం: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఆక్సిజన్ చాలకపోతే మనకు లాగే చేపకూ గుండె వేగంగా కొట్టుకుంటుంది.

వాస్తవం: చాలా జాతుల్లో గుండె నెమ్మదిస్తుంది. మొప్పల్లోని గ్రాహకాలు కొరతను పసిగట్టగానే మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అయితే ఒక్కో స్పందనలో నెట్టే రక్తం పెరగడం వల్ల ప్రసరణ వెంటనే పడిపోదు. బయటికి వేగంగా కనిపించేది మొప్పమూతల కదలిక మాత్రమే.

అపోహ: హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే భాగం) పెరిగిందంటే చేపకు కొత్త రక్తం పట్టినట్టే.

వాస్తవం: నివేదికలు చదివేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తోక మొదట్లోని రక్తనాళం నుంచి తీసిన రక్తాన్ని సన్నని గాజుగొట్టంలోకి ఎక్కించి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, అడుగున ఎర్రకణాలు పేరుకుని, పైన ప్లాస్మా తేటగా నిలుస్తుంది. ఆక్సిజన్ తగ్గిన కాసేపటికే ఆ ఎర్రని భాగం పొడవు పెరుగుతుంది గానీ, అంత తక్కువ వ్యవధిలో కొత్త కణాలు తయారు కావు. ప్లీహం ముడుచుకుని తనలో నిల్వ ఉన్న కణాలను రక్తంలోకి వదులుతుంది. పైగా ట్రౌట్ వంటి చేపల్లో, అడ్రినలిన్ ప్రభావంతో ఎర్రకణం హైడ్రోజన్ అయాన్లను బయటికి పంపి సోడియంను లోపలికి తీసుకుంటుంది. దాని వెంట నీరు చేరి కణం ఉబ్బుతుంది. ఈ ఉబ్బు జబ్బు కాదు: లాక్టిక్ ఆమ్లం వల్ల ప్లాస్మా ఆమ్లత పెరుగుతున్న సమయంలో కణం లోపలి పీహెచ్‌ను కాపాడి, హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే శక్తిని ఇది నిలబెడుతుంది. కొరత రోజుల తరబడి సాగితే హిమోగ్లోబిన్ పట్టును సడలించే ఏటీపీ, జీటీపీ అనే పదార్థాలు కణాల్లో తగ్గి ఆ పట్టు మరింత బిగుస్తుంది.

అందువల్ల హెమటోక్రిట్‌తో పాటు హిమోగ్లోబిన్‌నూ కొలవాలి. హిమోగ్లోబిన్ కదలకుండా హెమటోక్రిట్ ఒక్కటే పెరిగితే, పెరిగింది కణాల సంఖ్య కాదు, వాటి పరిమాణం. చేపను వలలో పెనుగులాడనిచ్చి రక్తం తీసినా ఇవే మార్పులు కనిపిస్తాయి. తొలినాళ్లలో ఈ పొరపాటు వల్లే నేను ఒక విడత నమూనాలన్నీ పారబోయవలసి వచ్చింది.

అపోహ: రక్తం గోధుమరంగుకు తిరగడం నీటిలో ఆక్సిజన్ లోపానికి గుర్తు.

వాస్తవం: అది సాధారణంగా నైట్రైట్ (చేపల వ్యర్థాల నుంచి నీటిలో ఏర్పడే నత్రజని సమ్మేళనం) చేసే పని. నైట్రైట్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ పట్టలేని మెథిమోగ్లోబిన్‌గా మార్చివేస్తే, నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా రక్తం దాన్ని మోయలేదు. ఏరేటర్లు తిప్పినంత మాత్రాన ఇది నయం కాదు. మంచినీటి చేపల్లో నైట్రైట్ మొప్పల గుండా క్లోరైడ్ దారిలోనే లోపలికి వస్తుంది కాబట్టి, నీటిలో తగినంత ఉప్పు కలిపితే ఆ ప్రవేశం తగ్గుతుంది.

అపోహ: నీటి పైకి వచ్చి నోరు తెరిచే ప్రతి చేపా గాలి పీలుస్తోంది.

వాస్తవం: బొచ్చె, రాగండి వంటివి మింగేది గాలిని కాదు, గాలి తగిలి ఆక్సిజన్ కాస్త ఎక్కువగా ఉండే పైపొర నీటిని. నిజంగా గాలి పీల్చేది కొర్రమీను వంటి చేప. అది ఎదిగాక పైకి రానీయకుండా అడ్డుగా వల కడితే, ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది.