ఐదు టాకాల వెదురు నుంచి ఓస్లో దాకా

ముహమ్మద్ యూనుస్‌కు దక్కిన గౌరవాల్లో అందరికీ గుర్తున్నది 2006 నాటి నోబెల్. ఆయన ఆర్థికవేత్తే అయినా వచ్చింది శాంతి బహుమతి. అదీ సగం ఆయనకు, సగం ఆయన స్థాపించిన గ్రామీణ్ బ్యాంకుకు. అప్పులిచ్చే బ్యాంకుకు శాంతి బహుమతి ఏమిటని చాలామందే ఆశ్చర్యపోయారు. అట్టడుగు జనం పేదరికం నుంచి బయటపడే దారి లేనిదే శాంతి నిలవదన్నది నోబెల్ కమిటీ వాదన. ఆ వాదనకు ఆధారమైన ప్రయోగం అప్పటికి ముప్పై ఏళ్లుగా బంగ్లాదేశ్ పల్లెల్లో నడుస్తోంది.

చిట్టగాంగ్ ప్రాంతంలో 1940లో ఒక నగల వ్యాపారి ఇంట పుట్టిన యూనుస్ అమెరికాలో డాక్టరేటు చేశారు. కొన్నాళ్లు అక్కడే పాఠాలు చెప్పి, దేశం స్వతంత్రమయ్యాక 1972లో తిరిగివచ్చి చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర శాఖకు అధిపతి అయ్యారు. 1974లో కరువు వచ్చింది. తరగతిలో చెప్పే సిద్ధాంతాలకూ వీధుల్లో ఆకలిచావులకూ పొంతన కుదరలేదు. విద్యార్థులను వెంటబెట్టుకుని, క్యాంపస్ పక్కనే ఉన్న జోబ్రా ఊళ్లోకి వెళ్లడం మొదలుపెట్టారు. మొదట ఆయన పట్టించుకున్నది అప్పుల గురించి కాదు, సాగునీటి గురించి. వాడకుండా పడి ఉన్న గొట్టపుబావి కింద ఉమ్మడి సేద్యం చేయించారు. పంట పండింది. కానీ ఆ ధాన్యం నూర్చిన భూమిలేని ఆడవాళ్లకు మిగిలింది నామమాత్రపు కూలి. రైతు బాగుపడితే ఊరంతా బాగుపడుతుందనుకోవడం సరికాదని ఆయనకు అక్కడ తెలిసింది.

1976లో ఆ ఊళ్లోనే వెదురు పీటలు అల్లే ఒక స్త్రీతో మాట్లాడారు. వెదురు కొనడానికి ఐదు టాకాలు కావాలి (టాకా అక్కడి కరెన్సీ). అది ఆమె దగ్గర లేదు, దళారి ఇస్తాడు. అయితే పీట అతనికే అమ్మాలి, అతను చెప్పిన ధరకే. రోజంతా కష్టపడితే ఆమెకు మిగిలేది అర టాకా. ఇలా చిక్కుకున్నవాళ్ల జాబితా రాయిస్తే 42 మంది తేలారు. అందరికీ కలిపి కావలసింది 856 టాకాలు, అంటే అప్పటి లెక్కలో 27 డాలర్ల లోపు. ఆ సొమ్ము యూనుస్ తన జేబులోంచే ఇచ్చారు.

ఆయన అక్కడితో ఆగిపోయి ఉంటే అది దానధర్మంగా మిగిలేది. ఆయన జనతా బ్యాంకు శాఖకు వెళ్లి, వీళ్లకు మీరే అప్పివ్వండని అడిగారు. తాకట్టుకు ఏమీ లేదు, సంతకం చేయడం రాదు, ఎలా ఇస్తామన్నారు. నెలల తరబడి తిరిగాక, చివరికి తానే హామీదారుగా సంతకం పెడితే ఆ ఏడాది డిసెంబరులో రుణం మంజూరైంది. అప్పులు తిరిగి వచ్చాయి. 1979లో దేశ కేంద్ర బ్యాంకు అయిన బంగ్లాదేశ్ బ్యాంకు మద్దతుతో ప్రయోగం టాంగాయిల్ జిల్లాకు విస్తరించింది. 1983లో ప్రత్యేక ఆర్డినెన్సుతో గ్రామీణ్ బ్యాంకు స్వతంత్ర సంస్థ అయింది.

పల్లె పేదలకు అప్పు అందించాలన్న ఆలోచన మాత్రం యూనుస్‌తో మొదలైంది కాదు. అదే గడ్డ మీద, తూర్పు పాకిస్తాన్ రోజుల్లోనే, కుమిల్లాలో అఖ్తర్ హమీద్ ఖాన్ రైతు సహకార సంఘాలతో పెద్ద ప్రయోగమే చేసి 1963లో మెగసెసే పురస్కారం పొందారు. క్రమంగా ఆ సంఘాల్లో కాస్త కలిగినవాళ్లదే పైచేయి అయింది. గ్రామీణ్ బ్యాంకు భూమి లేనివాళ్లకే అప్పు అని గీత గీసుకోవడానికి ఆ అనుభవమూ కారణమే. యూనుస్‌కు 1984లో వచ్చింది అదే మెగసెసే.

నా దృష్టిలో అసలు కొత్తదనం అప్పు పరిమాణంలో లేదు, దాన్ని నడిపిన పద్ధతిలో ఉంది. ఐదుగురితో ఒక జట్టు. ముందు ఇద్దరికి అప్పు, వాళ్లు వాయిదాలు సరిగ్గా కడితే మరో ఇద్దరికి, జట్టు నాయకురాలికి అందరికన్నా చివర. కొన్ని జట్లు కలిస్తే ఒక కేంద్రం. వారానికోసారి బ్యాంకు మనిషే ఊరికి వస్తాడు, లెక్కలన్నీ అందరి ముందే జరుగుతాయి. మొదట్లో పరదా పాటించే ఇళ్లలోకి మగవాళ్లు వెళ్లే వీలు లేక, యూనుస్ వాకిట్లో నిలబడితే ఒక విద్యార్థిని లోపలికీ బయటికీ మాటలు మోసేది. తర్వాతి కాలంలో సభ్యుల్లో నూటికి 95 మందికి పైగా ఆడవాళ్లే అయ్యారు. బ్యాంకు వాటాల్లోనూ సింహభాగం వాళ్లదే. ఓస్లోలో బ్యాంకు తరఫున బహుమతి అందుకున్నది కూడా రుణగ్రహీతల నుంచి ఎన్నికైన ఒక మహిళా డైరెక్టరే.

ఈ పద్ధతికి ఇంకో ముఖం కూడా ఉంది. తాకట్టు పోయింది గానీ దాని స్థానంలో పరువు వచ్చి కూర్చుంది. ఒకరు వాయిదా తప్పితే మిగతావాళ్ల చూపులు పడేది ఆమె మీదే. ఆడవాళ్ల పేరిట తీసుకున్న అప్పులు చాలాచోట్ల మగవాళ్ల చేతుల్లోకి పోతున్నాయని 1990ల్లోనే పరిశోధకులు చూపించారు. 1998 వరదల తర్వాత వసూళ్లు బాగా దెబ్బతినడంతో బ్యాంకు తన నిబంధనలను తిరగరాసుకోవలసి వచ్చింది.

పేదలు అప్పు తీర్చగలరన్నది ఒక మాట, అప్పుతో పేదరికం తీరుతుందన్నది మరో మాట. యూనుస్‌ను సన్మానించిన వేదికల మీద ఈ రెండూ ఒకటిగానే వినిపించాయి. మొదటిదాన్ని జోబ్రా, టాంగాయిల్ గ్రామాలు రుజువు చేశాయి. రెండోదాన్ని ఆరు దేశాల్లో, వేర్వేరు సంస్థల రుణాల మీద పరీక్షించిన అధ్యయనాలు 2015లో ఒకేసారి వెలువడ్డాయి. చిన్న వ్యాపారాలకు కొంత ఊపు వచ్చిందనీ, ఇంటి ఆదాయం సగటున పెద్దగా పెరగలేదనీ అవి తేల్చాయి. మరోవైపు సూక్ష్మరుణం, అంటే పేదలకిచ్చే ఇలాంటి చిన్న అప్పు, లాభాల వ్యాపారమై స్టాక్ మార్కెట్ ఎక్కింది. 2007లో మెక్సికోలో, 2010లో మన దగ్గర అలా జరిగినప్పుడు యూనుస్ బహిరంగంగానే తప్పుపట్టారు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

సొంత దేశంలో గొడవ వేరే. 2007లో పార్టీ పెడతానని ప్రకటించి, కొద్ది నెలలకే విరమించుకున్నారు. పాత నాయకత్వాలు దాన్ని మరిచిపోలేదు. ప్రధాని షేక్ హసీనా ఆయన్ను పేదల రక్తం పీల్చేవాడన్నారు. అరవై ఏళ్ల వయోపరిమితి దాటిందంటూ 2011లో మేనేజింగ్ డైరెక్టరు పదవి నుంచి తప్పించారు. ఆయన కోర్టుకెళ్లి ఓడిపోయారు. 2009లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా స్వేచ్ఛా పతకం అందుకున్న మనిషి, 2013 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం తీసుకునేనాటికి తన బ్యాంకులో ఏ పదవిలోనూ లేరు. 2024 జనవరి 1న కార్మిక చట్టం కేసులో ఢాకా కోర్టు ఆయనకు ఆరు నెలల శిక్ష వేసింది. హసీనా ప్రభుత్వం కూలిన రెండు రోజులకు, ఆగస్టు 7న ఆ శిక్ష రద్దయింది. మర్నాడు ఆయన తాత్కాలిక ప్రభుత్వానికి ముఖ్య సలహాదారుగా, అంటే ప్రభుత్వాధినేతగా, ప్రమాణం చేశారు.