ఒక్క ముక్క కేకుతో డైట్ మునిగిపోదు: అపోహలు, వాస్తవాలు

రోజూ తిన్నది రాసుకునే ఫుడ్ డైరీ మధ్యలో ఒక పేజీ లేదు. స్పైరల్ పుస్తకం కాబట్టి చింపిన కాగితం తాలూకు చిన్న చిన్న ముక్కలు తీగకు ఇంకా వేలాడుతున్నాయి. 14వ తేదీ తర్వాత నేరుగా 16. ఎదురుగా కూర్చున్నావిడ బ్యాగు జిప్పు తీస్తూ, వేస్తూ ఉంది. "15న ఏమైందండీ?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొత్తం పాడు చేసేసుకున్నాను మేడమ్" అంది.

15న ఆవిడ కూతురి పుట్టినరోజు. సాయంత్రం అందరితో కూర్చుని ఒక ముక్క కేకు తిన్నది. అంతే. కానీ తిన్న దగ్గర్నుంచి మనసులో ఒకటే మాట: ఎలాగూ పోయింది కదా. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు కూడా వేయకుండా, ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడి, మిగిలిన కేకు డబ్బాలోంచే తిన్నది. రుచి కూడా తెలియలేదట. పొద్దున్నే వెయింగ్ మెషీన్ ఎక్కితే కిలో పైన పెరిగింది. ఆ టెన్షన్‌తో సాయంత్రం దాకా కాఫీ తప్ప ఏమీ ముట్టుకోలేదు. చీకటి పడేసరికి కళ్లు తిరిగాయి, చేతికి అందిందల్లా తినేసింది. తర్వాత మూడు వారాలు నా దగ్గరికి రాలేదు, ముఖం చెల్లక.

డైటీషియన్‌గా నేను వినే కథల్లో పేర్లు మారతాయి, తిన్న పదార్థం మారుతుంది, మిగతాదంతా ఇదే. అందుకే ఈ ఒక్క అపోహ గురించి కాస్త ఎక్కువే రాస్తాను. మిగతావాటికి రెండేసి ముక్కలు చాలు.

అపోహ: ఒక్కసారి నోరు కట్టుకోలేకపోతే ఇన్నాళ్ల కష్టమూ పోయినట్టే.

నిండా మునిగినవాడికి చలేమిటి అంటారు కదా. చిక్కంతా ఎక్కడంటే, వీళ్లు మునగలేదు. తడిసింది పాదం. కానీ మునిగామనే అనుకుంటారు, అనుకున్నాక నిజంగానే మునుగుతారు.

ముందు లెక్క చూద్దాం. మామూలు కేకు ముక్క ఒకటి 350 క్యాలరీలు అనుకోండి. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి సుమారు 7,700 క్యాలరీలు తినాలి. అంటే రోజువారీ భోజనానికి అదనంగా అలాంటి ముక్కలు 22. ఒక్క రాత్రిలో కిలో కొవ్వు పెరగాలంటే అన్నీ ఆ రాత్రే తినాలి.

మరి మెషీన్ చూపించిన కిలో ఏమిటి? ఎక్కువ భాగం నీరు. మనం తిన్న పిండిపదార్థాన్ని ఒళ్లు కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. పెద్దవాళ్లలో అది మొత్తం సుమారు 500 గ్రాముల దాకా ఉండొచ్చు. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. కొన్నాళ్లుగా కడుపు కట్టుకున్నవాళ్లలో ఈ నిల్వ సగం ఖాళీగా ఉంటుంది. ఒక పూట ఎక్కువ తినగానే అది నిండుతుంది, నీరు వచ్చి చేరుతుంది. ఉప్పు ఎక్కువైతే ఇంకాస్త నీరు. తిన్నది ఇంకా పేగుల్లోనే ఉంటుంది కాబట్టి దాని బరువూ కలుస్తుంది. అందుకే అందరికంటే కఠినంగా డైట్ చేసేవాళ్లకే మర్నాడు మెషీన్ అందరికంటే పెద్ద అంకె చూపించి భయపెడుతుంది. మామూలుగా తింటూ ఉంటే మూడు నాలుగు రోజుల్లో అది దానంతటదే దిగిపోతుంది. పార్టీ మర్నాడు దయచేసి మెషీన్ ఎక్కకండి. దాని వల్ల ఏ ఉపయోగమూ లేదు.

ఇప్పుడు ఆవిడ లెక్కకు వద్దాం. సాయంత్రం ముక్క 350. రాత్రి ఫ్రిజ్ ముందు తిన్నది నా అంచనాలో దానికి మూడింతలు. మర్నాడు కడుపు మాడ్చుకుని సాయంత్రం తిన్నది ఇంకో అంత. ఆపైన డైరీ లేదు, నడక లేదు, మూడు వారాలు. ఇందులో నష్టం చేసింది మొదటి ముక్కా? కానే కాదు. "ఎలాగూ పోయింది" అన్న మాట.

ఇది ఆవిడ బలహీనత అనుకోకండి. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే పరిశోధకులు కాలేజీ అమ్మాయిలకు ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత రుచి చూసి చెప్పమంటూ ఐస్‌క్రీమ్ పెట్టారు. తిండి విషయంలో పట్టింపు లేనివాళ్లు షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. కడుపు నిండితే ఎవరైనా చేసే పనే అది. ఎప్పుడూ నోరు కట్టుకునేవాళ్లు మాత్రం షేక్ తాగనప్పటి కంటే తాగాకే ఎక్కువ తిన్నారు. 2010లో జానెట్ పోలివీ, హెర్మన్ బృందం మరో ప్రయోగం చేసింది. అందరికీ ఒకే సైజు పిజ్జా ముక్క. కానీ కొందరికి తమ ముక్క పక్కవాళ్ల దానికంటే పెద్దదని అనిపించేలా చేశారు. ఆ తర్వాత కుకీలు పెడితే, డైట్‌లో ఉన్నవాళ్లలో తమది పెద్ద ముక్క అనుకున్నవాళ్లే ఎక్కువ లాగించారు. తిన్నది ఒకటే అయినా హద్దు దాటామన్న ఆలోచన ఒక్కటే చాలింది.

తప్పు చేశామని బాధపడితేనే దారిలో ఉంటాం అని చాలామంది నమ్మకం. ఇంట్లోవాళ్లు కూడా అదే పని చేస్తుంటారు: "డైట్ అన్నావు, మరి ఇదేంటి?" అని. 2014లో న్యూజిలాండ్‌లో రోలీన్ కైయర్, జెస్సికా బోయ్స్ ఒక పని చేశారు. చాక్లెట్ కేకు అనగానే మీకు తప్పు చేసినట్టు అనిపిస్తుందా, వేడుక గుర్తొస్తుందా అని అడిగి, అదే మనుషులను ఏడాదిన్నర గమనించారు. తప్పు అనుకున్నవాళ్లు ఆరోగ్యంగా తినడంలో ముందున్నదేమీ లేదు. పైగా బరువును నిలబెట్టుకోవడంలో వెనకబడ్డారు. కాబట్టి ఆ బాధ మీకు చేస్తున్న మేలు ఏమీ లేదు. ఇంట్లో ఎవరైనా డైట్‌లో ఉంటే వాళ్ల ప్లేటు మీద వ్యాఖ్యానాలు ఆపండి, చాలు.

దీనికి తోడుబుట్టిన అపోహ ఒకటుంది: నిన్న ఎక్కువ తిన్నాం కాబట్టి ఇవాళ మానేస్తే సరిపోతుంది. సరిపోదు. 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు దాదాపు సగం తిండే పెట్టి చూశాడు. వాళ్లంతా తమ ఇష్టంతో ముందుకొచ్చినవాళ్లే. కొన్నాళ్లకు వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివేవారు. ప్రయోగం ముగిశాక కొందరికి ఎంత తిన్నా తృప్తి ఉండేది కాదు. ఆకలి పట్టుదలను ఏం చేస్తుందో చెప్పడానికే ఈ ఉదాహరణ. ఒక్కరోజు ఆకలి దీనంత కాదు, నిజమే. కానీ పొద్దుటి నుంచి ఏమీ తినకుండా సాయంత్రం ఐదింటికి బిస్కెట్ ప్యాకెట్ పక్కన కూర్చున్న మనిషికి నిగ్రహం ఎక్కణ్నుంచి వస్తుంది?

షుగర్ ఉన్నవాళ్లు ఈ మాట మరీ జాగ్రత్తగా వినాలి. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతూ, నిన్నటి స్వీటుకు శిక్షగా ఇవాళ భోజనం మానేస్తే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అలా ఎప్పుడూ చేయకండి.

కేకు తిన్న తర్వాత చేయాల్సింది ఒక్కటే. తర్వాతి భోజనం మామూలు టైముకు, మామూలుగా తినడం. ఇది విన్నప్పుడు జనం ముఖాల్లో కాస్త నిరాశ కనిపిస్తుంది. ఒంటిని శుభ్రం చేసే డీటాక్స్ ఏదో చెప్తానని ఎదురుచూస్తారు. ఒంట్లో కాలేయం, కిడ్నీలు ఆ పనిలోనే ఉన్నాయి, వాటికి రసాలతో సాయం అక్కర్లేదు.

నేను కూడా మొదట్లో ఈ విషయంలో పొరపాటు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో డైట్ చార్ట్ ఇచ్చినప్పుడల్లా చివర్లో ఎర్ర పెన్నుతో "పూర్తిగా బంద్" అని ఒక జాబితా రాసేదాన్ని. షుగర్ ఉన్న ఒక పెద్దాయన దాన్ని రెండు నెలలు అక్షరం పొల్లుపోకుండా పాటించారు. నేనూ మెచ్చుకున్నాను. తర్వాత ఒకరోజు ఆయన భార్య ఒంటరిగా వచ్చి, కారు డాష్‌బోర్డులో చాక్లెట్ కాగితాలు దొరికాయని ఏడ్చింది. ఆయన ఆఫీసు నుంచి వచ్చాక కారు ఆపి, అందులోనే కూర్చుని తినేసి, మూతి తుడుచుకుని ఇంట్లోకి వచ్చేవారట. మనవలున్న మనిషి. ఆయన్ని ఆ స్థితికి తెచ్చింది నా ఎర్ర పెన్నే. తర్వాత ఆయనతో కూర్చుని, వారానికి రెండుసార్లు, భోజనం చివర్లో, ఇంట్లో అందరి ముందే, చిన్న ముక్క అని ఒప్పందం చేసుకున్నాం. అన్నం అంత మేరకు తగ్గించుకున్నారు, షుగర్ ఎలా ఉందో మీటర్‌తో చూసుకున్నారు. దాక్కోవడం ఆగింది. ఎర్ర జాబితా ఆ రోజు నుంచి నేను ఎవరికీ రాయలేదు.

అపోహ: నేను తినేది అప్పుడప్పుడే.

ఇది రెండో వైపు నుంచి వచ్చే పొరపాటు. మనకు గుర్తుండేవి మాత్రమే అప్పుడప్పుడు తినేవి అనుకుంటాం. పార్టీలో కేకు గుర్తుంటుంది. రోజూ టీతోపాటు తినే రెండు బిస్కెట్లు, ఆ టీలో చెక్కెర, దాహానికి తాగే కూల్‌డ్రింక్ లెక్కలోకే రావు. కలిపిన చెక్కెరలు, తేనె, పళ్లరసాల్లోని తీపి అన్నీ కలిసి రోజు మొత్తం క్యాలరీల్లో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 2,000 క్యాలరీలు తినేవారికి 10 శాతం అంటే 50 గ్రాములు. ఒక 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ డబ్బాలోనే సుమారు 35 గ్రాములుంటుంది. నెలకోసారి తిన్న కేకుకు వారం రోజులు బాధపడి, రోజూ తాగే డబ్బా గురించి ఆలోచించనివాళ్లను నేను చాలామందిని చూశాను. తగ్గించాల్సింది ఆ గుర్తుండనివాటిని. కేకును హాయిగా తినండి.

మిగతావి త్వరగా. చెక్కెర బదులు తేనె వాడితే ఎంతైనా తినొచ్చన్నది తప్పు, తేనెలో ఐదింట నాలుగు వంతులు చక్కెరలే. తిన్నది నడిచి కరిగించేస్తాం అనకండి. అరగంట నడకకు పోయేది చాలామందిలో 150 క్యాలరీల లోపే. నడక గుండెకూ మనసుకూ మంచిది, దాన్ని శిక్షగా మార్చుకోకండి. స్వీట్లు తింటే పిల్లలు అదుపు తప్పుతారన్న మాటను జాగ్రత్తగా చేసిన ప్రయోగాలు బలపరచలేదు. 1994లో చేసిన ఒక ప్రయోగంలో తల్లులకు "మీ బాబుకు చెక్కెర ఇచ్చాం" అని చెప్పారు, నిజానికి ఇవ్వలేదు. అయినా తమ పిల్లాడు అల్లరి ఎక్కువ చేస్తున్నాడనే వాళ్లు అన్నారు. చీట్ డే, అంటే డైట్ పక్కన పెట్టి ఇష్టమొచ్చింది తినే రోజు, అనే మాట నాకు అస్సలు నచ్చదు. మోసం అన్నప్పుడే అది నేరమైపోతుంది, పైగా ఒక రోజంతా తినడానికి లైసెన్సు ఇచ్చినట్టవుతుంది.

పిల్లల విషయంలో ఒక్క మాట. జెన్నిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ 1999లో చూపించినదేమిటంటే, పిల్లల కళ్ల ముందు పెట్టి ముట్టుకోవద్దన్న తినుబండారం మీదే వాళ్ల ధ్యాస పెరుగుతుంది. రోజూ ఇంట్లో పెట్టి కాపలా కాయడం కంటే, తెచ్చిన రోజు అందరూ కూర్చుని తినేసి, మళ్లీ తెచ్చేదాకా మరిచిపోవడం మేలు. పెద్దవాళ్లకూ అదే సలహా. ఆకలి మీద తినకండి, భోజనం అయ్యాక తినండి. ప్లేటులో పెట్టుకోండి. కూర్చోండి. ఫోను పక్కన పెట్టండి. మీకు నిజంగా ఇష్టమైనదే తినండి, దాని బదులు అంటూ రుచీపచీ లేనివి నాలుగు తిని చివరికి అసలుదీ తినడం కంటే ఇదే నయం.

ఇంకో విషయం మాత్రం తొందరపడకుండా చెప్పాలి. వారానికి కనీసం ఒకసారి, మూడు నెలలుగా, ఆపుకోలేకుండా, ఒంటరిగా, కడుపు నొప్పి వచ్చేదాకా తింటున్నారా? తిన్నాక బలవంతంగా వాంతి చేసుకుంటున్నారా? అప్పుడు మీకు కావాల్సింది కొత్త డైట్ చార్ట్ కాదు. ఇవి వైద్యం ఉన్న జబ్బులు. సైకియాట్రిస్టునో, సైకాలజిస్టునో కలవండి. ఇది మీ మనసు గట్టిది కాకపోవడం వల్ల వచ్చింది కాదు. ఎవరైనా అలా అంటే నమ్మకండి.

ఆ రోజు నేను ఆవిడకు పెన్ను ఇచ్చి, 16వ పేజీ పైన ఖాళీ ఉంది కదా, 15 అక్కడే రాయండి అన్నాను. కాసేపు ఆలోచించి రాసింది: "సాయంత్రం 6.30. చాక్లెట్ కేకు, ఒక ముక్క. పాప తినిపించింది." రాసి ఆగింది. "రాత్రి తిన్నది కూడా రాయాలా మేడమ్?"

"రాయండి" అన్నాను. రాసింది. తర్వాత బ్యాగు జిప్పు వేసుకుని, మధ్యాహ్నం భోజనానికి ఏం తినొచ్చు అని అడిగింది.