వానొస్తే కరువు పోతుందా?

పాత కరువులు, ఉప్పెనల కాగితాలు తిరగేయడం నా పని. ఎక్కడ మాట్లాడటానికి వెళ్లినా మొదట ఎదురయ్యే ప్రశ్న, "ఎంతమంది పోయారండీ?" మిగిలినవాళ్లు ఏమయ్యారని అడిగేవాళ్లు చాలా తక్కువ. సరే, అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతా.

అపోహ: 1839 కోరింగ ఉప్పెనలో 3 లక్షల మంది చనిపోయారు.

నెట్‌లో ఘోరమైన తుఫాన్ల జాబితా ఏది తెరిచినా ఈ అంకె కనిపిస్తుంది. 20 వేల ఓడలు మునిగాయని కూడా రాసి ఉంటుంది. ఆ నవంబరులో ఉప్పెన వచ్చిన మాట నిజం, ఊరు దెబ్బతిన్న మాటా నిజం. కానీ కాకినాడ దగ్గరి రేవు ఊరైన కోరింగ అప్పటి రాజమండ్రి జిల్లాలోది. ఆ జిల్లా మొత్తం జనాభా 1821లో 7 లక్షల 38 వేలు, 1841లో 5 లక్షల 61 వేలు. ఇరవై ఏళ్లలో తగ్గింది 1 లక్షా 77 వేలు. నందన కరువు చావులు, రోగాలు, వలసలు అన్నీ అందులోనే ఉన్నాయి. (నందన అంటే 1832-33. గుంటూరు వైపు దాన్నే డొక్కల కరువు అంటారు, ఎందుకో విడమర్చి చెప్పక్కర్లేదు.) ఇక ఒక్క ఉప్పెనకు 3 లక్షల మంది ఎక్కణ్ణుంచి వస్తారు?

కోరింగ ఆ దెబ్బతోనే మ్యాపులోంచి మాయమైందనేది దీనికి తోక. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు కూడా రంగూన్‌కు కూలికి వెళ్లిన మనవాళ్లను బర్మాలో "కోరంగీలు" అనే పిలిచారు. రేవును చంపింది ప్రధానంగా గోదావరి ఒండ్రు. మేట వేసి, వేసి, ఓడలు లోపలికి రాలేక కాకినాడకు మళ్లాయి. మేట వేయడం గురించి ఎవరూ కథ చెప్పుకోరు, అదీ చిక్కు.

అపోహ: ధాత కరువులో వానల్లేవు, గింజల్లేవు, అందుకే జనం పోయారు.

1876 నుంచి 78 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసిన కరువు ఇది. దేశం మొత్తం మీద కనీసం 50 లక్షల మంది పోయారని అంచనా. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మరీ నలిగాయి. వానలు పోయాయి, కాదనను. కానీ నేను చనిపోయినవాళ్ల లెక్క కంటే ముందు ధరల పట్టీలు చూస్తాను. వాటిలో ధర రూపాయల్లో ఉండదు, "రూపాయికి ఇన్ని శేర్లు" అని ఉంటుంది. కొత్తగా చూసేవాళ్లు అంకె తగ్గుతోంది కదా, ధర దిగిందనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే చదివాను. శేర్లు తగ్గుతున్నాయంటే అదే రూపాయికి గింజలు తగ్గుతున్నాయని. చేతిలో అసలు రూపాయే లేని కూలివాడికి ఆ పట్టీతో పనే లేదు.

గింజలు మాత్రం ఉన్నాయి. ఓడల్లో మద్రాసుకు వస్తున్నాయి, రైల్లో కదులుతున్నాయి. అవే ఏళ్లలో దేశంలోంచి లండన్‌కు గోధుమలు కూడా వెళ్తున్నాయి. ఈ కథలో నన్ను వదలని మనిషి బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్. 1874లో బీహార్‌లో కరువొస్తే బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు, చావులు చాలా తక్కువ. అందుకు మెప్పు రాలేదు సరికదా, దుబారా చేశాడని చీవాట్లు తిన్నాడు. మూడేళ్లకు, 1877 జనవరిలో, వైస్రాయ్ లిట్టన్ ఆయన్నే మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. ఈసారి సర్కారు కరువు పనుల్లో మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకిలో కూడా లేదు, పైన ఒక అణా చాలన్నాడు. రాళ్లు కొట్టి, మట్టి మోసినందుకు! మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది మనిషి బతికే తిండి కాదని పోరాడితే మే నెలకు గానీ కాస్త పెరగలేదు. ఆ నాలుగు నెలలను వానదేవుడి ఖాతాలో రాయడానికి నాకు చెయ్యి రాదు.

వాన పడగానే జనం తేరుకున్నారన్నది అన్నిటికంటే మొండి అపోహ. సినిమాలో చినుకు పడుతుంది, అందరూ ఆకాశంకేసి చేతులు చాపుతారు, కరువు అయిపోతుంది. 1877 రెండో సగంలో వానలు పడ్డాయి. వాటి వెంటే చలిజ్వరాలొచ్చాయి. ఎముకల గూళ్లయిన ఒళ్లు మలేరియాకు ఆగలేదు. తట్టుకుని నిలబడ్డ రైతుకు నల్లరేగడి పదునెక్కింది గానీ దున్నడానికి ఎద్దులేవి? మేత లేక కొన్ని చచ్చాయి, కొన్నిటిని దొరికిన కాడికి అమ్ముకున్నారు. విత్తనాల గింజలు ఎప్పుడో ఉడకేసుకుని తినేశారు. మళ్లీ గింజ కావాలంటే షావుకారి గుమ్మమే.

కర్నూలు జిల్లా జనాభా చూడండి. 1871లో 9 లక్షలకు పైన, 1881లో 7 లక్షలకు లోపు. 1901లో 8 లక్షల 72 వేలు. అంటే ఒక తరం గడిచినా కరువుకు ముందున్న అంకెను అందుకోలేదు. కోలుకోవడం అంటే ఎంతకాలమని ఎవరైనా అడిగితే నేను ఈ మూడు అంకెలు చెబుతాను.

ఇంకొకటి, "కాలువ ఉంటే కరువు రాదు" అంటారు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు చూసి పుట్టిన నమ్మకం ఇది. డెల్టాలో చాలావరకు నిజమే. కానీ కర్నూలు-కడప కాలువ ధాత కరువుకు ముందే ఉంది! ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది. జొన్న, పత్తి వేసే రేగడి రైతుకు మాగాణి అలవాటు లేదు, నీటికి కట్టాల్సిన తీరువ అదనం. మంచి ఏళ్లలో నీళ్లు తీసుకున్నవాళ్లు తక్కువ. కాలువ తవ్వినంత సులువుగా సాగు పద్ధతి మారదు కదా. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ నష్టాల కాలువను కంపెనీ దగ్గర కొనుక్కోవాల్సి వచ్చింది.