చెప్పుల జతకీ ఫోటాన్ల జంటకీ తేడా

"ఒక జత చెప్పుల్ని రెండు పెట్టెల్లో పెట్టి చెరో దేశానికి పంపామనుకోండి. ఒక పెట్టె తెరిస్తే ఎడమ చెప్పు కనిపించింది. రెండో పెట్టెలో ఉన్నది కుడిదని ఆ క్షణమే తెలిసిపోతుంది. క్వాంటం చిక్కుముడి అంటే ఇంతేగా, ఇందులో వింతేముంది?" అని ఒక పాఠకుడు అడిగారు.

సరైన చోటే పట్టుకున్నారు. చిక్కుముడి (ఎంటాంగిల్‌మెంట్) అంటే, రెండు కణాలు ఎంత దూరంలో ఉన్నా వాటి కొలతల ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటం. క్లాసుల్లో కూడా ఈ చెప్పుల కథే చెప్పి ఊరుకుంటారు. నిజానికి చిక్కుముడి ఏది కాదో చెప్పడానికే అది పనికొస్తుంది. చెప్పు ముందునుంచీ ఎడమదే, మనకు తెలియలేదంతే. 1935లో ఐన్‌స్టైన్, పొడోల్‌స్కీ, రోజెన్ వాదించింది దాదాపు ఇదే. 1964లో జాన్ బెల్ ఆ వాదాన్ని లెక్కలోకి దించాడు. ఆ లెక్కంటే నాకు ప్రాణం. దాని తేలిక రూపం ఒకటి చెప్తాను.

వేర్వేరు గదుల్లో ఇద్దరు పిల్లలు. ఒక్కొక్కరికి మూడు ప్రశ్నల్లో ఏదో ఒకటి వస్తుంది. జవాబు అవును లేదా కాదు. ఇద్దరికీ ఒకే ప్రశ్న వస్తే జవాబులు ఎప్పుడూ కలుస్తున్నాయి. మాట్లాడుకునే వీల్లేదు కాబట్టి, మూడింటికీ జవాబులు ముందే అనుకుని వచ్చారన్నమాట. అవును, అవును, కాదు అనుకున్నారనుకోండి. వేర్వేరు ప్రశ్నలొస్తే? జవాబులు మూడు, రకాలు రెండే. కాబట్టి ఏవో రెండు ఒకటే అయి తీరాలి. ప్రశ్నల జతలు మూడు కాబట్టి, మూడింట ఒక వంతైనా కలవాలి. మాటిమాటికీ ఒప్పందం మార్చుకున్నా సగటు 33 శాతం కిందికి దిగదు.

ఇప్పుడు పిల్లల స్థానంలో చిక్కుబడిన రెండు ఫోటాన్లు, అంటే కాంతి కణాలు. ప్రశ్నలు అంటే 0, 60, 120 డిగ్రీల్లో తిప్పిన పోలరాయిడ్ ఫిల్టర్లు, అంటే కాంతి కంపించే దిశను బట్టి దాన్ని దాటనిచ్చేవి లేదా ఆపేవి. దాటితే అవును, ఆగితే కాదు. ఒకే కోణమైతే రెండూ ఎప్పుడూ ఒకే మాట. కోణాలు వేరైతే జవాబులు కలిసే అవకాశం ఎంతో క్వాంటం సూత్రం చెప్తుంది: కోసైన్ 60 వర్గం, అంటే పావు వంతు (తేడా 120 డిగ్రీలైనా అంతే). 25 శాతం! ముందే రాసుకున్న జవాబులతో ఇది అసాధ్యం. కోణాలూ లెక్కా కొంచెం వేరైనా ఇదే తరహా పరీక్షను 1972లో ఫ్రీడ్‌మన్, క్లౌజర్ చేశారు. 1982లో ఆస్పే బృందం, ఫోటాన్లు దారిలో ఉండగానే ప్రశ్నలు మార్చింది. గెలిచింది క్వాంటమే. క్లౌజర్, ఆస్పేలకూ, ఇదే దారిలో ప్రయోగాలు చేసిన జైలింగర్‌కూ 2022లో నోబెల్ వచ్చింది.

మరి ఇటు కొలవగానే అటు తరంగ ప్రమేయం (ఏ ఫలితం ఎంత అవకాశంతో వస్తుందో చెప్పే క్వాంటం లెక్క) కూలిపోయిందా, అంటే ఒక్కసారిగా ఒకే ఫలితానికి కుదించుకుపోయిందా? పుస్తకాల్లో అలాగే రాస్తారు. నాకు ఆ వాక్యం మింగుడుపడదు. కొలవకముందు జంట మొత్తానికీ ఉన్నది ఒకే తరంగ ప్రమేయం, ఒక్కో ఫోటాన్‌కు విడిగా లేదు. పైగా ఒక కొలత నుంచి రెండో కొలతకు కాంతి కూడా చేరే వ్యవధి లేకపోతే, ఏది ముందన్నది చూసేవాడి వేగాన్ని బట్టి మారుతుందని సాపేక్షత అంటుంది. ఒకరికి ఇది ముందు, ఇంకొకరికి అది ముందు. ఎవరు లెక్కవేసినా వచ్చేది ఆ 25 శాతమే. ఇక ఏది దేన్ని కూల్చినట్టు?

దీన్ని టెలిపతీకి, దూరం నుంచే జబ్బు నయం చేస్తామనే "క్వాంటం" వైద్యాలకీ ముడిపెట్టేవాళ్లున్నారు. కానీ ఏ ఒక్క చివర చూసినా అవును, కాదు సగం సగం, నాణెం ఎగరేసినట్టే. అవతలివాళ్లు ఏ కోణం పెట్టారో ఆ వరసలో జాడే ఉండదు. రెండు నోట్‌బుక్కులూ పక్కపక్కన పెడితేగానీ 25 శాతం బయటపడదు. ఆ నోట్‌బుక్కేమో కాంతి కన్నా వేగంగా రాలేదు.