ఎండోస్కోపీ బల్ల మీద ఏ మత్తు?

పరీక్ష ముగిసిన పావుగంటకు కళ్లు తెరిచి, “ఇంకా మొదలుపెట్టలేదా డాక్టరుగారూ?” అని అడిగే రోగులుంటారు. నిజానికి వారు గాఢంగా నిద్రపోలేదు. నోరు తెరవమంటే తెరిచారు, గొట్టం మింగమంటే మింగారు, ఒకటి రెండుసార్లు ఓకరించారు కూడా. మిడజోలం అనే మత్తుమందు వారికి నిద్రకన్నా మరుపునే ఎక్కువగా ఇచ్చింది.

ఈ మందు తయారీలో ఒక చక్కని కిటుకు ఉంది. ఆంప్యూల్‌లోని ఆమ్ల ద్రావణంలో దీని అణువులోని ఒక వలయం విడివడి ఉండటం వల్ల అది నీటిలో కరుగుతుంది. రక్తంలో చేరగానే ఆ వలయం మూసుకుని, కొవ్వులో కరిగే రూపం దాల్చి మెదడులోకి చొరబడుతుంది. అయితే పూర్తి ప్రభావం కనబడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి, తొందరపడి రెండో మోతాదు ఎక్కించడం ప్రమాదకరం. మత్తు మితిమీరితే ఫ్లూమజెనిల్ అనే విరుగుడు ఉంది గాని, దాని ప్రభావం మిడజోలం కన్నా ముందే తగ్గిపోవచ్చు. తేరుకున్న రోగి మళ్లీ మగతలోకి జారుకోవచ్చు.

1986లో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చిన ప్రొపోఫోల్ అనే మరో మత్తుమందు తీరు వేరు. నీటిలో కరగదు కనుక సోయా నూనె, గుడ్డుసొన లెసిథిన్‌లతో కలిపిన పాలలాంటి ద్రవంగా వస్తుంది. చేతి వెనుక సన్నని నరంలో ఎక్కిస్తే మంట పుడుతుంది. ఆ మంట గురించి చెప్పేలోపే, అంటే నిమిషం తిరక్కుండానే, రోగి నిద్రలో ఉంటాడు. ఆపిన కొద్ది నిమిషాలకే తేరుకుంటాడు కూడా. రోగికీ వైద్యుడికీ ఇంత హాయైన మందు మరొకటి లేదనిపిస్తుంది, కానీ తేలికపాటి మత్తుకూ పూర్తి అనస్థీషియాకూ మధ్య దీనికి ఎడం చాలా తక్కువ. రక్తపోటు పడిపోవచ్చు, శ్వాస ఆగవచ్చు, పైగా విరుగుడు లేదు. 2020లో అమెరికాలో అనుమతి పొందిన రెమిమజోలం ఈ రెంటి సుగుణాలనూ కలపజూస్తుంది: త్వరగా విచ్ఛిన్నమవుతుంది, ఫ్లూమజెనిల్‌కు లొంగుతుంది.

పది నిమిషాల లోపే ముగిసే మామూలు పరీక్షకు, భయం లేనివారికి, గొంతును మొద్దుబార్చే లిడోకైన్ స్ప్రే ఒక్కటే చాలునని నా అభిప్రాయం. ప్రొపోఫోల్ వాడేచోట మాత్రం మందుకన్నా ముందు చూడవలసింది, కేవలం శ్వాసనే కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరున్నారా అన్నది. ముక్కు గొట్టంతో ఆక్సిజన్ అందుతున్న రోగికి ఊపిరి ఆగినా వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ కాసేపు మంచి అంకెలే చూపుతుంది. బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే కాప్నోగ్రాఫ్ తెర మీద గీత అప్పటికే చదునైపోయి ఉంటుంది.